ఒక చెంబు నీళ్ళు



"ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదండీ."

నేను క్లినికల్ సైకాలజిస్టుని. నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాళ్ళ నోట ఈ మాట విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. రిటైరైన బడిపంతులు ఒకాయన ఈ మాటే అన్నారు. బట్టల కొట్టు నడిపే ఆయన ఈ మాటే అన్నారు. ఇద్దరు పిల్లల తల్లి అన్నారు. ఇరవై ఆరేళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాడు అన్నాడు. వయసు వేరు. సంపాదన వేరు. ఊరు వేరు. మాట మాత్రం ఒకటే. ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదు.

ఈ రోజు ఈ ఒక్క మాట గురించే మీతో మాట్లాడతాను. దానికి నా దగ్గరున్న జవాబు కూడా ఒకటే. బుద్ధి పుట్టేదాకా ఆగొద్దు. చాలా చిన్న పనితో మొదలుపెట్టండి. బుద్ధి వెనకాలే వస్తుంది.

ఇంతేనా, ఇది మాకు తెలియదా అని మీకు అనిపించవచ్చు. కాసేపు నాతో ఉండండి. ఈ మాట వెనక యాభై ఏళ్ళ పరిశోధన ఉంది. దానికన్నా ముందు, నా మట్టుకు నాకు, మా ఇంటి పెరట్లో ఒక బోరింగు ఉంది. అక్కణ్ణించి మొదలుపెడతాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. పెరట్లో చేతి బోరింగు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం పూట కొడితే నీళ్ళు వచ్చేవి కావు. ఘుర్రు ఘుర్రుమని గాలి లాగేది. లోపల తోలు వాషరు ఉంటుంది. అది ఎండిపోతే గాలే లాగుతుంది గాని నీళ్ళు పైకి ఎక్కవు. ఎంత బలంగా కొట్టినా చేతులు నొప్పెడతాయి, అంతే. అప్పుడు మా అమ్మ ఏం చేసేదంటే, పక్కనే మూత పెట్టి ఉంచిన చెంబు తీసి, ఆ నీళ్ళు బోరింగు నోట్లో పోసేది. వాషరు తడిసేది. బిగుసుకునేది. నాలుగు దెబ్బలు కొట్టేసరికి నీళ్ళు ధారగా పడేవి. బిందె నిండాక అమ్మ చేసే మొదటి పని, ఆ చెంబు మళ్ళీ నింపి పక్కన పెట్టడం. రేపటికి.

కింద నీళ్ళు లేకపోవడం కాదు. ఉన్నాయి. పైకి రావడానికి ముందు ఒక చెంబు నీళ్ళు పొయ్యాలి. ఈ చెంబుని గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా తాతయ్య పోయారు. పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. నెలలు గడిచాయి. నాయనమ్మ మాత్రం మంచం దిగలేదు. తినమంటే రెండు ముద్దలు తినేది. గోడ వైపు తిరిగి పడుకునేది. వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పేవారు. ధైర్యం తెచ్చుకో. పోయినవాళ్ళతో పోతామా. మనవల్ని చూసుకో. నాయనమ్మ వినేది. ఇంకా లోపలికి ముడుచుకునేది.

అమ్మ ఏమీ చెప్పలేదు. ఒక సాయంత్రం చేటలో బియ్యం పోసి తెచ్చి, నాయనమ్మ మంచం మీద పెట్టింది. "అత్తయ్యా, వీటిలో రాళ్ళు కాస్త చూసి పెట్టండి. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది" అని చెప్పి వెళ్ళిపోయింది. మొదటి రోజు చేట అలాగే ఉండిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. తనే ఏరుకుంది. రెండో రోజు మళ్ళీ పెట్టింది. మూడో రోజూ పెట్టింది. నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చి చూశాను. నాయనమ్మ లేచి కూర్చుని ఉంది. చేటలో ఒక పక్కకి నాలుగు తెల్లరాళ్ళు, రెండు వడ్లగింజలు చేరాయి. అమ్మ చేట తీసుకోడానికి వస్తే నాయనమ్మ అంది, "ఈ బియ్యం ఎక్కడివే? ఇన్ని వడ్లున్నాయి?" తాతయ్య పోయాక నాయనమ్మ తనంతట తను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ తర్వాత నాయనమ్మ వసారాలోకి వచ్చి బియ్యం ఏరింది. ఆ తర్వాత పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీసింది. తాతయ్య గుర్తొచ్చి ఏడ్చేది, అది ఆగలేదు. ఆగక్కర్లేదు కూడా. కానీ మంచం దిగింది.

అమ్మకి సైకాలజీ తెలియదు. తను పోసింది ఒక చెంబు నీళ్ళని కూడా తెలియదు. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఆ చేట అని మాత్రం నాకు తెలుసు.

సరే, ఈ చదువు అంటే ఏమిటి? చాలామంది నన్ను "డాక్టరుగారూ, మందు రాయండి" అంటారు. మేం మందులు రాయం. సైకియాట్రిస్టు వేరు, క్లినికల్ సైకాలజిస్టు వేరు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. మందులు వారే రాయాలి. మేం సైకాలజీలో పీజీ చేసి, ఆపైన ఆసుపత్రి వార్డుల్లో, ఓపీల్లో, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందుతాం. నేను చదివినప్పుడు అది రెండేళ్ళ ఎం.ఫిల్. మన దేశంలో ఈ శిక్షణ 1955లో బెంగళూరులో మొదలైంది. అప్పుడా సంస్థ పేరు అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ. ఇప్పుడు మనందరికీ తెలిసిన నిమ్‌హాన్స్ అదే. శిక్షణ అయ్యాక రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. అందుకు 1992 నాటి చట్టం ఉంది. కాబట్టి మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ" అని అడగండి. అడగడం అమర్యాద కాదు. మీ హక్కు.

శిక్షణలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒక తప్పు నుంచి వచ్చింది. అప్పటికి చేరి రెండు నెలలు. ఒకాయన వచ్చారు. పెరిగిన గడ్డం, నలిగిన చొక్కా. ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదన్నారు. నాది కొత్త ఉత్సాహం. పావుగంట వినీ వినకముందే చెప్పేశాను. రోజూ గంటసేపు నడవండి. స్నేహితుల్ని కలవండి. యోగా చెయ్యండి. ఆయన అన్నిటికీ తలూపారు. లేచి నమస్కారం పెట్టారు. మళ్ళీ రాలేదు. నాకు శిక్షణ ఇస్తున్న గురువుగారు ఒకటే అడిగారు. "ఆయన పొద్దున ఎన్నింటికి లేస్తున్నారో అడిగావా?" అడగలేదు. "మంచం మీంచి లేవలేని మనిషిని గంటసేపు నడవమన్నావు" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. నేను చెప్పింది తప్పు కాదు. ఆ మనిషికి అది పెద్దది. ఎండిపోయిన బోరింగుని ఇంకా గట్టిగా కొట్టమన్నాను. చెంబు అందించలేదు.

అందుకని ఇప్పుడు నా గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. బయట చాలా అపోహలున్నాయి. పడుకోబెట్టి ఏదో చేస్తారని, మనసులో మాట లాగేస్తారని, పిచ్చి అని ముద్ర వేస్తారని. అవేవీ ఉండవు. రెండు కుర్చీలుంటాయి. మంచినీళ్ళుంటాయి. ముప్పావు గంట సమయం ఉంటుంది. ఆ ముప్పావు గంటా మీదే. మీరు చెప్పింది ఆ గది దాటదు. మీ భార్యకి గాని, భర్తకి గాని, ఆఫీసుకి గాని మీ అనుమతి లేకుండా చెప్పను. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ళకి చెప్పక తప్పదు. ఆ సంగతి మొదటి రోజే చెప్తాను.

మొదట వింటాను. సలహా ఇవ్వను. మీకున్నది దిగులా, బెంగా, గుబులా, విసుగా అని అడుగుతాను. మన తెలుగులో వీటికి వేరువేరు మాటలున్నాయి. ఎవరో గుర్తొచ్చి లోపల కొట్టుకుంటే అది బెంగ. రేపేమవుతుందో అని గుండె జారితే అది గుబులు. దేనిమీదా ఆశ లేకపోతే దిగులు. ఏ మాట మీది అని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. పేరు దొరికాక సగం తేలికపడతారు.

తర్వాత ఒంటి సంగతి అడుగుతాను. నిద్ర ఎలా ఉంది? ఆకలి? బరువు తగ్గారా? థైరాయిడ్ చూపించుకున్నారా? నీరసం రక్తం తక్కువై కూడా వస్తుంది. థైరాయిడ్ మందగించినా దిగులుగా ఉంటుంది. అందుకని ముందు డాక్టరుగారికి చూపించుకుని రమ్మంటాను. ఒంటి జబ్బుని మనసు మీదికి నెట్టకూడదు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు తెచ్చుకోమంటాను. పది రూపాయల నోటుబుక్కు. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఎలాగో ఒకావిడ కథతో చెప్తాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. నలుగురైదుగురి అనుభవాలు కలిపి చెప్తున్నాను.

ఆవిడకి యాభై నాలుగేళ్ళు. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. భర్తకి హార్డ్‌వేర్ కొట్టు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వస్తారు. ఒకప్పుడు వాకిట్లో ముగ్గు చూడ్డానికి పక్కింటివాళ్ళు ఆగేవారట. ఏడాదిగా ముగ్గు లేదు. శనివారం గుళ్ళో భజనకి వెళ్ళడం మానేశారు. అక్కచెల్లెళ్ళు ఫోన్ చేస్తే, "మోగుతుంటే చూస్తూ కూర్చుంటానండీ, ఎత్తబుద్ధి కాదు" అన్నారు. వాళ్ళు చేసి చేసి మానేశారు. ఇంట్లో అందరూ ఒకటే అంటున్నారు. "నీకేం తక్కువ?"

చూడండి, ఇక్కడొక సుడి ఉంది. దిగులుగా ఉంది కాబట్టి ముగ్గు మానేశారు. ముగ్గు మానేశారు కాబట్టి పక్కింటావిడతో నాలుగు మాటలు పోయాయి. మాటలు పోయాయి కాబట్టి ఒంటరితనం పెరిగింది. ఒంటరితనం పెరిగింది కాబట్టి దిగులు పెరిగింది. దిగులు పెరిగింది కాబట్టి భజన మానేశారు. సుడి తిరిగిన కొద్దీ మనిషి లోపలికి పోతుంది. ఆవిడ బద్ధకస్తురాలు కాదు. సుడిలో ఉన్నారు.

నోటుబుక్కులో గంట గంటకీ ఒక్క ముక్క రాయమన్నాను. ఏం చేశారు, ఆ గంటలో మనసుకి పదికి ఎన్ని మార్కులు. అంతే. ఏదీ మార్చుకోవద్దన్నాను. ఊరికే రాయమన్నాను. వారం తర్వాత తెచ్చారు. పడుకున్నాను, రెండు. టీవీ, రెండు. పడుకున్నాను, ఒకటి. వంట, రెండు. పేజీలన్నీ అలాగే ఉన్నాయి. గురువారం సాయంత్రం ఐదింటి దగ్గర మాత్రం ఒక చోట ఇలా ఉంది. "కరివేపాకు మొక్కకి నీళ్ళు పోశాను. నాలుగు."

నాలుగు. పదికి నాలుగంటే పెద్ద మార్కు కాదు. కానీ ఒకట్లూ రెళ్ళూ ఉన్నచోట నాలుగు కనిపించింది. "ఇదేమిటండీ?" అన్నాను. ఆవిడ తల వంచుకుని ఉన్నవారు కాస్త ఎత్తారు. "వాడిపోయిందండీ పాపం. నీళ్ళు పోస్తే రెండు గంటల్లో తేరుకుంది" అన్నారు.

మాకు కావలసిన చెంబు దొరికింది. నిజంగా చెంబే.

ఆ వారానికి ఒకటే పని పెట్టుకున్నాం. పొద్దున ఏడింటికి, కాఫీ తాగిన గ్లాసు కింద పెట్టగానే, కరివేపాకు మొక్కకి ఒక చెంబు నీళ్ళు. ఎప్పుడు? ఏడింటికి. దేని తర్వాత? కాఫీ తర్వాత. ఎంత? ఒక చెంబు. ఇష్టం ఉన్నా లేకపోయినా. అక్కడ నిలబడి ఆనందపడాలని కూడా లేదు. నీళ్ళు పోసి లోపలికి వచ్చేసినా సరే.

ఏడు రోజుల్లో నాలుగు రోజులు పోశారు. మూడు రోజులు పొయ్యలేదు. ఆ మూడు రోజుల గురించి నేను కోప్పడలేదు. పని చెయ్యలేకపోతే తప్పు మనిషిది కాదు. పని ఇంకా పెద్దదిగా ఉందని అర్థం. అప్పుడు పనిని కోస్తాం. చెంబు పెద్దదైతే గ్లాసు. గ్లాసు పెద్దదైతే వెళ్ళి మొక్కని చూసి రావడం. మెట్టు ఎక్కలేకపోతే మెట్టు ఎత్తు తగ్గించాలి.

మూడో వారం నీళ్ళతోపాటు వాకిట్లో నాలుగు చుక్కల ముగ్గు పెట్టారు. మెలికల ముగ్గు కాదు. నాలుగు చుక్కలు. అయిదో వారం పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "వదినగారూ, నాలుగు కరివేపాకు రెబ్బలు ఇస్తారా?" అని అడిగారట. ఆ రోజు పక్కన ఆరు మార్కులు రాసుకున్నారు. పన్నెండో వారానికి చెల్లెలి ఫోన్ ఎత్తుతున్నారు. భజనకి రెండుసార్లు వెళ్ళారు. అంతా బాగైపోయిందని చెప్పను. ఆదివారం రాత్రి కొడుకుతో వీడియో కాల్ అయ్యాక ఇంకా కళ్ళు తుడుచుకుంటారు. బిడ్డ దూరంగా ఉన్న తల్లికి ఆ బెంగ ఉంటుంది. కానీ సోమవారం పొద్దున ఏడింటికి మొక్క దగ్గరికి వెళ్తున్నారు.

బుద్ధి పుట్టాక నీళ్ళు పొయ్యలేదు. నీళ్ళు పోశాక బుద్ధి పుట్టింది. ఇదే నేను ఈ రోజు చెప్పదలచుకున్నది.

దీనికి మా శాస్త్రంలో ఒక పేరుంది. బిహేవియరల్ యాక్టివేషన్. మనిషిని మళ్ళీ పనిలోకి కదిలించడం అని అనుకోండి. 1970ల్లో అమెరికాలో పీటర్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు ఒక సంగతి గమనించారు. దిగులులో ఉన్నవాళ్ళ రోజులో, మనసుకి తృప్తినిచ్చే పనులు ఒక్కొక్కటీ రాలిపోతున్నాయి. వాటిని తిరిగి చేరిస్తే మనసు తేరుకుంటోంది. 1996లో సియాటిల్‌లో నీల్ జేకబ్సన్ బృందం దిగులు జబ్బు, అంటే డిప్రెషన్, ఉన్న 150 మందిని చూసింది. అప్పటికి పేరుపొందిన పద్ధతి ఆరన్ బెక్ చెప్పిన కాగ్నిటివ్ థెరపీ. అందులో ఆలోచనల్ని సరిదిద్దడం ముఖ్యం. జేకబ్సన్ బృందం కొందరికి ఆ పూర్తి చికిత్స ఇచ్చింది. కొందరికి ఈ పనిలోకి కదిలించే భాగం ఒక్కటే ఇచ్చింది. రెండూ సమానంగా పనిచేశాయి.

అమెరికా సంగతి మనకెందుకు అంటారా? గోవాకి రండి. అక్కడ పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు ఇదే పద్ధతిని పరీక్షించారు. వచ్చినవాళ్ళు 495 మంది. అందరికీ తీవ్రమైన దిగులు జబ్బే. వాళ్ళతో మాట్లాడినవాళ్ళు డాక్టర్లు కాదు, సైకాలజిస్టులూ కాదు. శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిదిసార్లు కూర్చుని మాట్లాడారు. ఈ వారం ఏం చేద్దాం, చిన్నగా ఏది మొదలుపెడదాం అని. మూడు నెలల తర్వాత చూస్తే, ఆ సాయం అందినవాళ్ళలో నూటికి 64 మంది జబ్బు నుంచి బయటపడ్డారు. అందనివాళ్ళలో నూటికి 39 మంది. 2017లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయింది.

నూటికి 39 మంది, నూటికి 64 మంది. ఆ తేడా, ఒక చెంబు నీళ్ళ తేడా.

ఇంకొక సంగతి. చిన్న పని అంటే ఎప్పుడూ ఇష్టమైన పనే కానక్కర్లేదు. భయపడి పక్కన పెట్టిన పని కూడా కావచ్చు. ఉద్యోగం పోయిన ఒకాయన ఉన్నారు. అప్పులవాళ్ళు ఫోన్ చేస్తారని ఫోన్ కట్టేసి, తలుపు వేసుకుని పడుకునేవారు. కట్టేసిన ఆ గంట హాయిగా ఉండేది. మర్నాటికి భయం రెండింతలు. భయం దుప్పటి కింద పెరుగుతుంది. ఆయన మొదటి పని ఏమిటో తెలుసా? అప్పు తీర్చడం కాదు. ఫోన్ చెయ్యడం కూడా కాదు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితం మీద రాయడం. అది రాయడానికి పది రోజులు పట్టింది. రాశాక, "లెక్క నేను అనుకున్నదానికంటే తక్కువేనండీ" అన్నారు. ఆ కాగితం ముందు పెట్టుకుని, మరుసటి వారం ఒక్కరికి ఫోన్ చేశారు. అందరికీ కాదు. ఒక్కరికి.

ఇప్పుడు మీ ఇంట్లో దీన్ని ఎలా వాడాలో చెప్తాను. చెవితో విని గుర్తుపెట్టుకునేంత తేలికే. పని చిన్నదిగా ఉండాలి. ఎంత చిన్నదంటే, వింటే "ఇదీ ఒక పనేనా" అనిపించాలి. దానికి వేళ ఉండాలి. ఏదో ఒకప్పుడు కాదు, కాఫీ తర్వాత, స్నానం కాగానే, దీపం పెట్టే వేళ. "నడుస్తాను" అనొద్దు. "ఆరున్నరకి చెప్పులేసుకుని వీధి చివర వేపచెట్టు దాకా వెళ్ళొస్తాను" అనుకోండి. చేశాక ఒక గీత గియ్యండి, గోడ మీద క్యాలెండర్లో అయినా సరే. చిన్న పని, దానికొక వేళ, చేశాక ఒక గీత. ఇంతే.

ఫలితం కోసం గంట గంటకీ తవ్వి చూసుకోకండి. పాలు తోడుపెట్టాక మాటిమాటికీ గిన్నె కదిపి చూస్తే పెరుగు తోడుకోదు. రాత్రి తోడుపెట్టి మూత పెడతాం. పొద్దున చూస్తాం. మనసు కూడా అంతే. మొదటి వారం మార్కులు పెరగకపోవచ్చు. అయినా చెయ్యండి.

ఇంట్లోవాళ్ళకి ఒక మనవి. మీ ఇంట్లో ఎవరైనా ఇలా మంచం పట్టినట్టు ఉంటే, దయచేసి "నీకేం తక్కువ" అనకండి. "ధైర్యంగా ఉండు" అని వదిలెయ్యకండి. ధైర్యం ఉంటే వాళ్ళే లేస్తారు కదా. దానికి బదులు మా అమ్మ చేసింది చెయ్యండి. ఒక చిన్న పని, నిజంగా అవసరమైన పని, పక్కన పెట్టండి. "నాన్నా, ఈ కవరు మీద అడ్రసు రాసి పెట్టండి. మీ అక్షరాలు బాగుంటాయి." "అమ్మా, ఈ రెండు వెల్లుల్లిపాయలు వలిచి పెడతావా?" చెయ్యకపోతే ఏమీ అనకండి. రేపు మళ్ళీ పెట్టండి. చేస్తే పొగడ్తలతో ముంచెయ్యకండి కూడా. ఆ వెల్లుల్లి కూరలో వెయ్యండి. కూర బాగుందని అందరి ముందూ అనండి. అది చాలు.

ఇంత చెప్పి, ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను తప్పు చేసినట్టే. ఒక చెంబు నీళ్ళతో అన్ని బాధలూ తీరవు. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే, బాధపడుతున్న మనిషిని ముగ్గు వేసుకోమనడం న్యాయం కాదు. ముందు రక్షణ కావాలి. దిగులు మరీ ముదిరి తిండీ నిద్రా పూర్తిగా పోతే, లేనివి వినిపిస్తుంటే, కనిపిస్తుంటే, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాలి. మందులు అవసరమైనప్పుడు మందులు వాడాలి. మందు వేసుకోవడం బలహీనత కాదు. చాలామందికి మందూ కావాలి, ఈ సాధనా కావాలి. రెండూ కలిసి నడుస్తాయి.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, తమాషాగా తీసుకోకండి. అనుమానం వస్తే సూటిగా అడగండి. "చనిపోవాలని ఆలోచనలేమైనా వస్తున్నాయా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అలా పుట్టదు. అడిగితే ఆ మనిషి ఒంటరితనం తగ్గుతుంది. పల్లెటూళ్ళలో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే, ఆ మనిషికి అందకుండా తాళం వేసి పెట్టండి, లేదా వేరేచోటికి చేర్చండి. ఆ ఒక్క గడియ దాటితే చాలామంది బతుకుతారు.

సాయం కోసం ఫోన్ నంబరు చెప్తున్నాను. రాసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. మళ్ళీ చెప్తున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఈ నంబరు ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2015, 2016 సంవత్సరాల్లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో ఇంచుమించు పది మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. దిగులు జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా ఏ చికిత్సా అందుకోవడం లేదని కూడా అప్పుడు తేలింది. అంటే మీ వీధిలోనే ఎవరో ఒకరు, తలుపు వేసుకుని, ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చుని ఉండవచ్చు. ఆ ఒకరు మీరే కావచ్చు.

మీరే అయితే, మీకు నేను చివరిగా చెప్పేది ఇది. మీరు సోమరి కాదు. మీలో నీళ్ళు ఇంకిపోలేదు. ఈ ప్రసంగం అయ్యాక రేడియో కట్టి, ఒక్క పని అనుకోండి. తాగిన గ్లాసు కడగడం కావచ్చు. కిటికీ తెరవడం కావచ్చు. ఏడాదిగా మాట్లాడని చెల్లెలికి "ఎలా ఉన్నావే" అని ఒక్క ముక్క మెసేజ్ పంపడం కావచ్చు. రేపు ఏ వేళకి చేస్తారో ఇప్పుడే అనుకోండి. బుద్ధి పుట్టిందా లేదా అని చూడకండి. వేళ కాగానే లేవండి.

ముందు ఒక చెంబు నీళ్ళు పొయ్యండి. రేపటికి మళ్ళీ చెంబు నింపి పక్కన పెట్టుకోండి.